మాలరీ గ్రంథమున ఆర్థరు రాజ్యము: ఉదయాస్తమయ కారణవిచారము

ఆర్థరు రాజ్యము చరిత్రమునకుఁ జెందినది కాదు, కవులకుఁ జెందినది. రోమకసేనలు బ్రిటను ద్వీపమును విడిచిపోయిన పిమ్మట సాక్సను జాతులతోఁ బోరాడిన నాయకుఁ డొకఁడు ఆ పేరితో నుండెనేమో యని తలంచిన చరిత్రకారులు కలరు. కాని యాఱవ శతాబ్దమున నా పోరాటములనుగూర్చి వ్రాసిన గిల్డాసు ఆర్థరు పేరెత్తనే లేదు. సుమారు 830 నాఁటి ‘బ్రిటనుల చరిత్ర’ యను లాటిను గ్రంథము అతనికి 12 యుద్ధములలో విజయము నారోపించినది. వేల్సు దేశపు వత్సరావళి యొకటి కామ్లను పోరున ఆర్థరును మెద్రౌటును గూలిరని యొక్క పంక్తిలోఁ జెప్పి యూరకున్నది. ఇంత స్వల్పమైన యాధారముమీఁద రాజధానియు, సభయు, శాసనమును, దిగ్విజయమును, వినాశమును గల యొక సంపూర్ణరాజ్యమును ఐరోపా కవులు మూఁడు శతాబ్దములకుఁ బైఁగా శ్రమించి నిర్మించిరి. ఆ నిర్మాణము సర్ టామసు మాలరీ చేతియందుఁ దుదిరూపము దాల్చినది. ఆ రాజ్య మేల పుట్టి యేల నశించెనను ప్రశ్నకు మాలరీ గ్రంథ మేమి సమాధానము చెప్పుచున్నదో విచారించుట యీ వ్యాసమునకు విషయము.

కథాక్రమ మిట్టిది. సుమారు 1136 ప్రాంతమున మన్మతు జాఫ్రీ ‘బ్రిటను రాజుల చరిత్ర’ను లాటినున రచించి, ఆర్థరు జననము, దిగ్విజయము, రోమకులతోడి యుద్ధము, మేనల్లుని ద్రోహము, అవలను ద్వీపమునకుఁ గొనిపోఁబడుట యను ఘట్టములతోఁ గథకు రూపురేఖల నేర్పఱచెను. ఆ శతాబ్దము ముగియకముందే న్యూబర్గు విలియము ఇది కట్టుకథ యని తీవ్రముగా ఖండించెను గాని, కథావ్యాప్తి యాగలేదు. 1155లో వేసు అను కవి దానిని ఫ్రెంచి పద్యములలోనికిఁ దెచ్చుచు, ప్రభువులు కూర్చుండు తావులలోని హెచ్చుతగ్గులకై కలహింపకుండుటకు రాజు గుండ్రని బల్ల చేయించెనని చేర్చెను. అదే శతాబ్దపు టుత్తరార్ధమున క్రెటియెను కవి లాన్సిలాటు నకును గ్వినివీరు రాణికిని గల యనురాగమును, కామెలాటు నగరమును, గ్రెయిలు పాత్రమును గథలోఁ బ్రవేశపెట్టెను. పదుమూఁడవ శతాబ్దమున ఫ్రెంచి వచనకారులు వీని నన్నిటిని గలిపి మహాగాథాచక్రముగా వెలయించిరి.

మాలరీ యీ ఫ్రెంచి గాథలను, ఆంగ్లమునందలి రెండు ప్రాఁత పద్యకావ్యములను ముందిడికొని ఆంగ్లవచనమున నొక బృహద్గ్రంథమును గూర్చెను. తాను చెఱలోనున్న వీరుఁడనని యతఁడు గ్రంథముననే చెప్పికొనెను. నాలుగవ ఎడ్వర్డు పాలనమునఁ దొమ్మిదవ యేట, అనఁగా 1469-70లో, రచన ముగిసెను. 1485 జూలైలో విలియము కాక్స్టను దానిని 21 స్కంధములుగా విభజించి ముద్రించెను. 1934లో వించెస్టరు విద్యాలయ గ్రంథాలయమున ఓక్‌షాటు పండితునకు ఈ కృతియొక్క వ్రాఁతప్రతి దొరకుటయు, దాని నాధారముగాఁ గొని 1947లో వినావరు మూఁడు సంపుటముల పరిష్కృతముద్రణమును వెలువరించుటయు మాలరీ విమర్శమునకుఁ గ్రొత్తదారి చూపినవి. ఇది యొక్క గ్రంథము కాదనియు ఎనిమిది వేర్వేఱు కథలనియు వినావరు వాదించెను; ఏకగ్రంథమే యని పలువు రెదిరించిరి. ఇప్పుడు లండనునందలి బ్రిటిషు గ్రంథాలయముననున్న యా వ్రాఁతప్రతి యీ వివాదమును దీర్పలేదు. అయినను, గ్రంథమునకు ఆర్థరుగాని లాన్సిలాటుగాని నాయకుఁడు కాఁడనియు, గుండ్రబల్ల కూటమియే నాయకస్థానమున నున్నదనియు గ్రహించినచో, ఎనిమిది కథలకును నడుమనున్న సూత్రము కొంత తేటపడఁగలదు.

పూర్వపక్షములు

రాజ్యపతనమునకుఁ గారణములుగా సాధారణముగాఁ జెప్పఁబడునవి మూఁడు.

మొదటిది రాణియొక్కయు లాన్సిలాటుయొక్కయు దోషము. ఆంగ్లవిద్యాశాలలందు మిక్కిలి ప్రచారము నొందిన దీ మతమే. టెన్నిసను 1859 మొదలు 1885 వఱకు వెలువరించిన ‘రాజగాథలు’ దీనికిఁ బట్టుగొమ్మ. అందు ఆర్థరు దాదాపు నిష్కళంకుఁడు. మోర్డ్రెడు అతని పుత్రుఁడను కథ విడువఁబడినది. రాణి పాపము విషమువలె సభ నెల్లఁ బ్రాఁకి రాజ్యమును గూల్చును.

రెండవది రాజుయొక్క పూర్వకర్మము. మాలరీ కథలో ఆర్థరు, తనకు సోదరియని యెఱుఁగక, లాటురాజు భార్యయైన మార్గాసును గూడెను. మోర్డ్రెడు వారికిఁ బుట్టినవాఁడు. మే మాసపు మొదటి దినమునఁ బుట్టిన శిశువు రాజ్యమునకు మృత్యువగునని మెర్లిను చెప్పఁగా, ఆర్థరు ఆ దినమునఁ బుట్టిన ప్రభువుల బిడ్డల నందఱ నొక యోడలోఁ బెట్టించి సముద్రముపాలు చేసెను. ఓడ బ్రద్దలయ్యెను, మోర్డ్రెడు మాత్రము బ్రదికెను. కంసుని కథ నెఱిఁగినవారికి దీని ఫలమేమగునో వేఱుగఁ జెప్పనక్కఱలేదు. కావున విధియే కారణమని యీ పక్షము.

మూఁడవది గ్రెయిలు పాత్రాన్వేషణము. లౌకికశౌర్య మెంత గొప్పదైనను దైవసన్నిధిని నిలువలేదనియు, ఆ యన్వేషణమునఁ దేలిపోయిన సభ తరువాతఁ గూలుట సహజమనియు దీని తాత్పర్యము.

ఈ మూఁటికిని గ్రంథమున నాధారములు కలవు. అందువలననే పరీక్ష యావశ్యకమగుచున్నది. మూలములను గైకొని వ్రాసిన గ్రంథకర్త యభిప్రాయము అతఁడు మూలమును విడిచిన చోటులఁ గానవచ్చును. మాలరీ యట్లు విడిచిన చోటులలో మూఁడు రాజ్యవిషయమున ముఖ్యములు: పెంతెకొస్తు ప్రతిజ్ఞ, రోమకవిజయము, అర్రీ స్వస్థత.

ఉదయము

ఱాతినుండి ఖడ్గమును బెఱికి ఆర్థరు రాజగుట లోకవిదితము. ప్రభువు లాతని నంగీకరింపకపోఁగా సామాన్యప్రజలే యెలుగెత్తి రాజును గోరికొనిరి. పిదప 11 మంది రాజులతో ఘోరసంగ్రామము జరిగెను. అట్లు రాజ్యము బాహుబలముచేత వచ్చినది. రాజ్యధర్మము మాత్ర మింకను రాలేదు. అది వివాహఘట్టమున వచ్చును.

ఆర్థరు లియొడగ్రాన్సు రాజు కూఁతురగు గ్వినివీరును గోరెను. లాన్సిలాటు నామెయు ఆమెను లాన్సిలాటును బ్రేమింతురని మెర్లిను ముందుగనే హెచ్చరించెను. ఆర్థరు వినలేదు. మామ యల్లునకు భూములుగాక, ఒకప్పుడు ఆర్థరు తండ్రి యూతరు తనకిచ్చిన గుండ్రబల్లను, దానితోఁ గూడ 100 మంది వీరులను బంపెను. బల్లచుట్టు 150 ఆసనములు. ఇట రాణియు రాజ్యసభయు నొక్కదినమున నొక్క యింటనుండి వచ్చుట గమనింపవలయును. కథాంతమున, రాణిని గోల్పోవుటకంటె వీరుల కూటమి చెదరుటయే తనకు మిక్కిలి దుఃఖకరమని ఆర్థరు పలుకును. ఆ మాట రాణియెడ నిర్దయగాఁ దోఁచును గాని, వివాహదినముననే దాని పునాది పడినది.

ఆ దినముననే మఱియొక విషయము జరిగెను. మెర్లిను పెల్లినోరు రాజును జేయిపట్టి తెచ్చి గౌరవాసనమునఁ గూర్చుండఁబెట్టెను. గావెయినును అతని తమ్ముఁడు గాహెరిసును అది చూచిరి. వారి తండ్రి లాటురాజును జంపినవాఁడు పెల్లినోరు. ఇప్పుడే చంపుదమని గావెయిను తలంచెను. ఇది సమయము కాదని తమ్ముఁడు వారించెను. హెచ్చుతగ్గుల కలహము లేకుండుటకై గుండ్రముగాఁ జేయఁబడిన బల్లయొద్ద మొదటి దినముననే రక్తవైరము వచ్చి కూర్చుండెను. నాటకపరిభాషలోఁ జెప్పవలసినచో వినాశమునకు బీజన్యాస మిక్కడ.

పిమ్మట గావెయిను తొలి సాహసకార్యమునకుఁ బోయి, తన కోడి శరణువేఁడిన వీరునకు శరణ మియ్యక, తల నఱకఁబోయెను. ఆ వీరుని ప్రియురాలు అడ్డముగాఁ బడఁగా వ్రేటు ఆమెకుఁ దగిలి ఆమె తల తెగెను. గావెయి నా శవమును మోసికొని సభకు వచ్చెను. స్త్రీలపక్షమునఁ బోరాడవలయుననియు, శరణన్నవానిఁ గావవలయుననియు రాణి యతనికి నియమము విధించెను. దీని వెనువెంటనే రాజు సభ కంతటికిని ప్రతిజ్ఞ నేర్పఱచెను. దౌర్జన్యమును హత్యను జేయరాదు, ద్రోహమునకు దూరముగ నుండవలయును, శరణువేఁడినవానికి దయ చూపవలయును, స్త్రీలకుఁ దోడుపడవలయును, ప్రేమకొఱకుఁ గాని ధనముకొఱకుఁ గాని యన్యాయపుఁ గలహమునఁ గత్తి పట్టరాదు. ఏటేట పెంతెకొస్తు పండుగనాఁడు వృద్ధులు యువకులు నందఱును దీనిని మరల నుచ్చరింపవలయును.

ఈ ప్రతిజ్ఞ ఫ్రెంచి మూలమున లేదు. మాలరీ దీనిని గావెయిను నిర్దయకుఁ బ్రక్కనే నిలుపుటలో నుద్దేశము స్పష్టము. గుండ్రబల్ల ధర్మము నీతిశాస్త్రమునుండి వచ్చినది కాదు. ఒక తప్పునుండి, ఒక స్త్రీ శవమునుండి వచ్చినది. రాజ్యమునకుఁ బ్రాణభూత మగు నియమము శరణాగతరక్షణము. దానిని మొట్టమొదట భంగపఱచినవాఁడు రాజుయొక్క మేనల్లుఁడు.

దిగ్విజయము, మధ్యదశ

జాఫ్రీ గ్రంథమునను, మాలరీ యనుసరించిన యాంగ్లపద్యకావ్యమునను, ఆర్థరు రోమకచక్రవర్తిపై దండెత్తిన వేళ స్వదేశమున మోర్డ్రెడు రాజ్యమపహరించును. విజయమధ్యమునఁ బతనవార్త వచ్చును. అచట నీతి యిది: దూరదేశముల జయింపఁబోయిన రాజు ఇల్లు పోఁగొట్టుకొనెను. మాలరీ ఈ సంబంధమును ద్రెంచివేసెను. అతని గ్రంథమున లూషియసు చక్రవర్తి హతుఁడగును. ఆర్థరు రోమునఁ బోపు చేతఁ గిరీటము ధరించి, క్షేమముగా మరలివచ్చి, ఎన్నియో యేండ్లు పాలించును. దీనివలన నుదయము సంపూర్ణమైనది. పతనమున కది కారణము కాకపోయినది. పరరాజు వలనఁ గాని, రాజ్యకాంక్షవలనఁ గాని యీ రాజ్యము చెడలేదని గ్రంథకర్త తేటపఱచినాఁడు. చెడుటకు హేతువు ఇంటిలోనే వెదకవలసినదయ్యెను.

ఇటఁ దరువాతి భాగమున దోషములు లేకపోలేదు. ట్రిస్ట్రాము కథ గ్రంథమున మూఁడవవంతు నాక్రమించినది. ఒక క్రీడాయుద్ధము తరువాత మఱియొకటి, ఒక మాఱువేషము తరువాత మఱియొకటి వచ్చి చదువరికి విసుగు పుట్టించును. చచ్చినవాఁడు మరలఁ గనఁబడుట మొదలగు నసంగతములు కలవు. వీనిని సమర్థింపఁబూనుట వృథా. అయినను ఆ విస్తరమధ్యమున నొక వార్త యప్పుడప్పుడు చెవినిఁబడుచుండును: గావెయిను సోదరులు పెల్లినోరును జంపిరి, వారి తల్లి మార్గాసు పెల్లినోరు కుమారుఁడైన లామొరాకును బ్రేమింపఁగా గాహెరిసు కన్నతల్లినే చంపెను, పిదప లామొరాకును నలువురు చుట్టుముట్టి చంపిరి. సభలో నెవ్వరును శిక్షింపఁబడలేదు. గారెతొక్కఁడు తన యన్నల యీ కార్యమును రోసి వారికి దూరముగా లాన్సిలాటును జేరెను. ప్రతిజ్ఞ ఏటేట నుచ్చరింపఁబడుచునే యుండెను. వైరమును దానిక్రింద నడఁగి యుండెను.

గ్రెయిలు కొఱకు 150 మందియుఁ బయనమగుచుండఁగా, వీరందఱును మరల నొక్కచోటఁ గూడుట యుండదని ఆర్థరు కన్నీరు నించును. పెక్కండ్రు మరలిరారైరి. గెలహాడు, పెర్సివలు, బోర్సు అను ముగ్గురే సఫలులైరి. వారిలో బోర్సొక్కఁడే సభకుఁ దిరిగివచ్చెను. ఇచట మూఁడవ పూర్వపక్షమునకు బలము కలదు. కాని మాలరీ దీని పిమ్మటనే, ఇంతవఱకు మూలము కానరాని యొక ఘట్టమును నిలిపినాఁడు. హంగరీ దేశపు వీరుఁడు అర్రీ యను వానికి ఏడు గాయములు. లోకమున నుత్తమవీరుఁడు తాఁకినఁగాని యవి మానవు. సభలో నున్న 110 మందియుఁ దాఁకి చూతురు. తక్కిన 40 మంది యప్పుడు దూరముగ నున్నారని గ్రంథకర్త లెక్క చెప్పును. అందఱి పేర్లును వరుసగా నుచ్చరింపఁబడును. కడపట లాన్సిలాటు, తనకుఁ దగదని సంకోచించుచునే, రహస్యముగఁ బ్రార్థించి తాఁకఁగా గాయములు మానును. అందఱును దేవునిఁ గొనియాడుచుండ నతఁడు దెబ్బలు తిన్న బిడ్డవలె వెక్కివెక్కి యేడ్చును.

ఈ ఘట్టము రెండు విషయములను స్థాపించుచున్నది. గ్రెయిలు తరువాతఁ గూడ సభ 150 సంఖ్యతో నిండియే యున్నది. కావున గ్రెయిలు దానిని గూల్చలేదు. పాపి యైనను లాన్సిలాటున కనుగ్రహము దొరకినది. కావున దైవము గూడ నతనిని ద్రోసివేయలేదు. గాయము మాన్పుటయే వీరధర్మముయొక్క పరాకాష్ఠ యని చూపి, వెంటనే గ్రంథకర్త మానని గాయముల కథను బ్రారంభించును.

అస్తమయము

అగ్రవెయినును మోర్డ్రెడును రాణి గుట్టు బయలుపెట్ట నుద్యుక్తులైరి. గావెయిను వారిని వలదనెను. గారెతును గాహెరిసును నట్లే యనిరి. వారు వినక 12 మందిని వెంటఁగొని రాణి యంతఃపురమునొద్ద లాన్సిలాటును జుట్టుముట్టిరి. మోర్డ్రెడు గాయపడి పాఱిపోయెను. అగ్రవెయిను మొదలు తక్కినవారందఱును జచ్చిరి. ఆర్థరు రాణిని దహింప నాజ్ఞాపించెను. ఈ చోట గావెయిను మాట ముఖ్యమైనది. తన తమ్ముఁడు చచ్చియుండియు నతఁడు, తొందరపడవలదని, విచారింపుమని రాజును వేఁడుకొనెను. రాణిదహనమునకుఁ దాను రానని నిరాకరించెను. అనఁగా మొదటితప్పునుండి నేర్చిన దయను గావెయి నింకను మఱవలేదు. ఆ దయను గాదన్నవాఁడు రాజు.

గారెతు, గాహెరిసులు రాజాజ్ఞను ద్రోయలేక, ఆయుధములు లేక, శోకచిహ్నములతో నిలిచిరి. లాన్సిలాటు రాణిని విడిపించు తొందరలో నెఱుఁగక వారిరువురను జంపెను. గారెతునకు వీరదీక్ష నిచ్చినవాఁడు లాన్సిలాటే. తన యన్నలకంటె నాతనినే గారెతు ప్రేమించెను. ఈ మరణవార్త విన్న క్షణమున గావెయిను మాఱిపోయెను.

ఇటుపైఁ గథాక్రమమును జాగరూకతతోఁ జూడవలయును. పోపు ఆజ్ఞ తెచ్చిన రాచెస్టరు బిషపు మధ్యవర్తిత్వమున లాన్సిలాటు రాణిని రాజున కప్పగించెను. రాజామెను గ్రహించెను. రాణి దోషమే యుద్ధకారణమైనచో యుద్ధ మిచట ముగియవలెను. ముగియలేదు. గారెతు, గాహెరిసుల యాత్మశాంతికై సాండ్విచ్చి రేవునుండి కార్లైలు వఱకుఁ బాదచారియై నడచి, పది పది మైళ్ల కొక మఠము నెలకొల్పుదునని లాన్సిలాటు ప్రాయశ్చిత్తము ప్రార్థించెను. సభవారందఱును గన్నీరు విడిచిరి. గావెయి నొక్కఁడు కరఁగలేదు. రాజు మేనల్లుని విడువలేక సముద్రము దాఁటి బెన్విక్కు పురమును ముట్టడించెను. అట్లు దాఁటినందుననే మోర్డ్రెడు రాజప్రతినిధి యయ్యెను. రాజు చచ్చెనని దొంగజాబులు పుట్టించి, కిరీటము ధరించి, రాణిని బెండ్లాడఁ జూచెను. ఆమె లండను దుర్గమునఁ దలుపులు మూసికొని తప్పించుకొనెను. ప్రజలు పెక్కండ్రు మోర్డ్రెడును జేరిరి. ఒకప్పుడు ఆర్థరును రాజుగాఁ గోరికొన్నదియు సామాన్యప్రజలే యని స్మరించినచో, మాలరీ యిచటఁ గథ నాపి యాంగ్లేయుల చపలబుద్ధిని నిందించుటలోని తీవ్రత యర్థమగును.

డోవరు రేవునొద్ద, లాన్సిలాటు కొట్టిన ప్రాఁతగాయము తిరిగి రేఁగి గావెయిను మరణించెను. మరణించుటకుముందు లాన్సిలాటునకు జాబు వ్రాసి, తప్పు తనదేయని యొప్పుకొని, రాజునకు సాయము రమ్మని వేఁడెను. దయ వచ్చినది గాని, యాలస్యముగ వచ్చినది. స్వప్నమున గావెయిను కనఁబడి, నెలదినములలో లాన్సిలాటు వచ్చుననియు అంతవఱకు సంధి చేసికొమ్మనియు రాజునకుఁ జెప్పెను. సంధి కుదురుచుండఁగా నొక సర్పము పొదనుండి వెడలి యొక వీరుని పాదమును గఱచెను. అతఁడు దానిఁ జంపఁ గత్తి దూయఁగా, ఆ మెఱుపు చూచి యిరుసేనలును దలపడినవి. సాయంకాలమునకు లక్షమంది కూలిరి. ఆర్థరు పక్షమున లూకను, బెడివీరు అను నిరువురే మిగిలిరి.

శవరాశిమధ్యమున మోర్డ్రెడు కత్తి నానుకొని నిలిచియుండెను. జయము మనదైనది, వానిని బోనిమ్మని లూకను వేఁడెను. రాజు వినలేదు. ఈఁటెతో నతనిఁ బొడిచి చంపి, తానును మృత్యువ్రణము నొందెను. పిదప ఖడ్గము సరస్సునకుఁ జేరుటయు, పడవ రాజును గొనిపోవుటయు సుప్రసిద్ధములు.

సిద్ధాంతము

పై క్రమమును బట్టి, పతనము నందలి ప్రతి మలుపునను దయ యొకపరి యెదుటికి వచ్చి త్రోసివేయఁబడినట్లు తేలుచున్నది. రాణివిషయమున గావెయిను వేఁడఁగా రాజు త్రోసెను. లాన్సిలాటు వేఁడఁగా గావెయిను త్రోసెను. లూకను వేఁడఁగా రాజు మరలఁ ద్రోసెను. మోర్డ్రెడు శరణువేఁడలేదు గావునఁ గడపటి సందర్భమున ప్రతిజ్ఞాక్షరము తప్పలేదనవచ్చును. ప్రతిజ్ఞాతాత్పర్యము మాత్రము తప్పినది. రాణిదోషము లేకున్నను మఱియొక నిమిత్తము దొరకెడిది. పెల్లినోరు వంశముతోడి వైరమే యట్టి నిమిత్తమునకుఁ జాలును. మోర్డ్రెడు పుట్టుక విధికృతమైనను, వానికి సింహాసనము దొరకుట విధివలనఁ గాదు, బెన్విక్కు ముట్టడివలన.

గుండ్రబల్ల మనుష్యులకు సమానాసనము నిచ్చినది. వారి కులవైరములను బల్ల యవతల విడిచి రమ్మని యడుగలేదు. దయను బ్రతిజ్ఞగాఁ జేయించినది. ప్రతిజ్ఞ తప్పినవానిని విచారించు న్యాయస్థానమును గల్పింపలేదు. రాజే న్యాయాధిపతి, ఆ రాజు గావెయినునకు మేనమామ, లాన్సిలాటునకు మిత్రుఁడు, రాణికి భర్త. ఏ సంబంధములచేత నతఁడు రాజ్యమును గట్టెనో, ఆ సంబంధములే యతనిని తీర్పు చెప్పనీయక బంధించినవి. ఇందు దుష్టులు మిక్కిలి స్వల్పము. గావెయినుది భ్రాతృప్రేమ, లాన్సిలాటుది స్వామినీరక్షణము, రాజుది బంధుపక్షపాతము. ఒక్కొక్కటియు వేఱుగాఁ జూచిన గుణమే. ఒక్కచోటఁ గూడినప్పుడు వినాశము. టెన్నిసను చిత్రించిన పాపకథకంటె నీ ధర్మసంకటకథ లోఁతైనది.

ఇట్టి గ్రంథమును వ్రాసినవాని కాలము గూడ నిట స్మరణీయము. 1455 మొదలు 1485 వఱకు ఇంగ్లండు ప్రభువంశములు రెండు పక్షములై తెగనఱకికొనినవి. తండ్రికిఁ బగ తీర్చుకొను పుత్రులును, పక్షము మార్చు ప్రజలును మాలరీకి గ్రంథములలోనివారు మాత్రమే కారు. కాక్స్టను ముద్రణము ముగిసిన మూఁడు వారములకే, 1485 ఆగష్టు 22వ తేదిని, బాస్వర్తు క్షేత్రమున మూఁడవ రిచర్డు కూలెను. మఱుసటి యేట నూతనరాజు తన తొలికుమారునకు ఆర్థరని పేరిడెను. లేని రాజ్యము ఉన్న రాజ్యమునకుఁ బేరెరువిచ్చినది.

రసవిచారము

ఈ గ్రంథమున అంగిరస మేది యను ప్రశ్న మిగిలియున్నది. పరిమాణమును బట్టి వీరమనవలసివచ్చును. తుదిని బట్టి కరుణము. అయితే ఆనందవర్ధనుఁడు మహాభారతమునందు వృష్ణిపాండవుల విరసావసానమును బట్టి శాంతమే యంగియని నిర్ణయించిన మార్గ మిట స్మరింపఁదగును. తిక్కన మౌసలపర్వమును జదివినవారికి, తుంగతోఁ గొట్టుకొని చచ్చిన యాదవులును, పాము నెపమున దలపడిన యీ సేనలును నొక్కతీరుగఁ దోఁపవచ్చును. గ్వినివీరు ఆమ్స్‌బరీ మఠమున సన్న్యాసిని యగుటయు, లాన్సిలాటు మునివృత్తి నవలంబించుటయు నీ పోలికను బలపఱచును.

అయినను మాలరీయందు శాంతము పూర్ణముగ సిద్ధింపలేదు. లాన్సిలాటు వైరాగ్యము తత్త్వజ్ఞానమువలనఁ బుట్టినది కాదు; రాజును రాణియు నొక్క సమాధియందుండుట తలంచి, తన దోషముచేత వారికిఁ గలిగిన దుర్గతిని దలంచి, యన్నపానములు విడిచి కృశించి మరణించును. అది నిర్వేదము కాదు, శోకము. లోక మసారమని గ్రంథకర్త యెచ్చటను జెప్పలేదు. ఆ కూటమి నిలువఁదగినదనియే తుదివఱకు నతని నమ్మకము. కావునఁ గరుణమే యంగి, వీరము దానికిఁ బోషకము, శాంతము ఛాయామాత్రము.

వించెస్టరు నగరమునఁ బాలసభాగృహపు గోడకు నేఁటికిని నొక గుండ్రని బల్ల వ్రేలాడుచున్నది. కాక్స్టను తన పీఠికలో దానిని ఆర్థరు ఉనికికి సాక్ష్యముగాఁ బేర్కొనెను. దాని కొయ్య పదుమూఁడవ శతాబ్దపుదని పరీక్షకులు తేల్చినారు. కావున నది చరిత్రసాక్ష్యము కాదు. అయినను లేని రాజ్యమునకై యున్న మనుష్యులు బల్ల చేయించికొనుటయు, పెనుగాలమునకుఁ దరువాత నొక బందీ దాని పతనమును దయాలోపమునకుఁ బరీక్షగా వ్రాయుటయుఁ జూచినచో, విద్యార్థులకు దీనిని రాణిదోషకథగా మాత్రమే బోధించుట గ్రంథమునకుఁ జేయు నన్యాయమని పండితులు గ్రహింపఁగలరు.